నన్ను తప్పించుకుని పాము దగ్గరికి

"సారీ ఆంటీ, ఇంకెప్పుడూ పక్కకు తప్పుకోను."

"తప్పుకుంటే తప్పుకో అమ్మా, కాకపోతే తారు బాట దిగకు."

ఆ తెలుగు పిల్లా నేనూ ఆఖరుగా అనుకున్న మాటలివి. కెనడా అంటే మంచు అనుకుని మా చెల్లెలి కూతురి దగ్గరికి కామ్‌లూప్స్ వచ్చాను. చూస్తే ఎడారి! ఎండిన కొండలు, వాటి కింద తారు బాట. చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలతో ఊరు నిండిపోయిన రోజులవి. షుగరు తగ్గాలని చీర మీద స్వెట్టరు, కాళ్లకు బూట్లు వేసుకుని పొద్దున్నే ఆ బాట మీద పరుగులాంటిది తీసేదాన్ని.

ఒకరోజు ఆ పిల్ల ఫోనులో మాట్లాడుతూ ఎదురుగా పరుగెత్తుకొస్తోంది. నా బోసి నుదురు చూసి ఠక్కున ఆగింది. "అమ్మా, ఇవాళ ఇంటర్వ్యూ కదా, ముండమోపి ఎదురొచ్చింది!" అని ఫోనులో వాళ్లమ్మతో అంది. విమానంలో సామాను తూచారు గానీ శకునాలు తూచలేదు కాబోలు, భద్రంగా తెచ్చుకుంది.

నా మొహం చూడకుండా తారు దిగి పొదల్లోకి నడిచింది. అక్కడ గిలక్కాయ ఆడించినట్టు చప్పుడైంది. ఆ పిల్ల కాలికి జానెడు దూరంలో గిలకపాము తల ఎత్తింది.

"కదలకు! మెల్లగా వెనక్కి, నా వైపు రా!" అని అరిచాను.

ఏడుస్తూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పాము తన దారిన పోయింది. పాపం, దానికి శకునాలు తెలియవు. బాట చివరిదాకా ముందు నడవమని ఆ పిల్ల నన్నే బతిమాలింది. మా ఆయన పోయాక ప్రతి పెళ్లిలోనూ వెనక వరసలో కూర్చున్నదాన్ని, ఆ రోజు ఒక శుభకార్యానికి ముందు నడిచాను.

అమ్మడూ, నేను చెప్పేది రాయడం ఇక ఆపు. 'ముండమోపి' అన్నచోట మర్యాదగా ఇంకేదో రాసి ఉంటావు. ఏదీ, మొత్తం చదివి వినిపించు.