జబ్బకు కట్టిన నీలం

నిన్న ద్వారకా నగర్ నగల కొట్లో నీలం ఉంగరం చూడగానే నాకు ఆవకాయ వాసన తగిలింది.

మీ ఇళ్లలోనూ ఉండేది కదా ఈ నమ్మకం? నీలం పడితే అందలం ఎక్కిస్తుంది, పడకపోతే కొంప ముంచుతుంది. అందుకే పోర్టులో పనిచేసే నాన్న, ప్రమోషన్ కోసం తెచ్చిన రాయిని, ఉంగరం చేయించుకునే ముందు పరీక్షగా మూడు రోజులు గుడ్డలో చుట్టి జబ్బకు కట్టుకున్నారు. పాలు విరిగినా అమ్మ ఆ మూటనే అనుమానంగా చూసేది.

మూడో రోజు ఆవకాయ జాడీ పగిలింది. ముక్క కోసం చెయ్యి పెట్టింది నేనే. ఎవరూ చూడకముందే వేళ్లు కడిగేసుకున్నాను.

"సూసేరా, మనకి పడదు. ఇచ్చీండి," అంది అమ్మ. నాన్న తిరిగిచ్చేశారు.

వారం తిరక్కుండానే మాగాయ జాడీ పగిలింది. అమ్మ నా ఎర్రటి వేళ్లు పట్టుకుంది.

"రాయి ఎల్లిపోనాది కదే. మరి దీన్నెవులు పగలగొట్టేరు?"

గుమ్మంలో నాన్న తన బోసి వేలు తడుముకున్నారు.