సర్దార్ కాక గీసిన తేదీ

పొద్దున ల్యాబ్ తాళం తీస్తుంటే ఫోన్ వచ్చింది. మా ఎదురింటి సర్దార్ కాక పోయాడని. ఆ రోజు రక్తం ఇవ్వాల్సినవాళ్లలో మూడో పేరు ఆయనదే. సీసాకు అంటించే చీటీ ముందురోజే రాసిపెట్టాను. చించడానికి చేతులు రాక జేబులో వేసుకున్నాను.

సర్దారంటే మీకు తెలియకపోవచ్చు. బొగ్గుగనిలో కార్మికులకంటే ముందు దిగి, దీపం ఎత్తిపట్టి గ్యాస్ ఉందేమో చూసే మనిషి. అంతా బాగుంటే గోడ మీద సుద్దతో తేదీ వేసి, సంతకం గీకుతాడు. అది చూశాకే మిగతావాళ్లు పనిలో దిగుతారు. రిటైరైనా కాకకు ఆ అలవాటు పోలేదు. తెల్లవారగానే గ్యాస్ సిలిండరు, కరెంటు వైర్లు చూసి గుమ్మం పక్కన సుద్దతో తేదీ వేసి సంతకం పెట్టేవాడు. "గోడంత ఖరాబు జేస్తున్నవ్" అని ఆయన భార్య, మా చిన్నమ్మ, రోజూ తిట్టేది. నా స్కూటీ టైర్లు కూడా నొక్కి చూసి పంపేవాడు. నన్నంత భద్రంగా సాగనంపినవాళ్లు ఇంకెవరూ లేరు.

రెండేళ్ల కింద ఆయాసం మొదలైంది. గుండె మీద ఎంత భారం పడుతోందో రక్తంలో తెలిపే పరీక్ష ఒకటుంది. మూడు నెలలకోసారి చేయించమన్నారు డాక్టరు. కాక నెలనెలా వచ్చేవాడు.

"జల్ది రక్తం గుంజు బిడ్డా. చూసుకుంట ఉంటె ఏం గాదు. నా షిఫ్టుల ఒక్కనికి దెబ్బ తగలనియ్యలె."

చూసుకోవడమే కాపాడుతుందని ఆయన నమ్మకం. మాత్రలు తప్పలేదు, ఉప్పు మానేశాడు. అంకె మాత్రం పెరుగుతూనే పోయింది. ఈ వయసులో ఇంతకంటే చేయగలిగింది లేదని డాక్టరు నాతో అన్నారు. ఆ మాట కాకతో అనలేక రక్తం తీస్తూనే పోయాను.

పోయిన నెల ఆయనే అడిగాడు, "నిజం చెప్పు, తగ్గుతదా?"

తగ్గదన్నాను.

"గ్యాస్ కనబడితె అందర్ని బయటికి తోలేటోణ్ణి. గిప్పుడు నేను ఎటు బయటపడాలె బిడ్డా?"

పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను. అంత చేతగానిదాన్నని ఎప్పుడూ అనిపించలేదు. ఆయన చేతి మీద దూదిని ఇంకాసేపు అదిమిపట్టుకుని కూర్చున్నాను.

ఆ పొద్దున ఫోన్ పెట్టేసి, ల్యాబ్ తాళం మళ్లీ వేసి కాక ఇంటికి పరుగెత్తాను. "లేచి అన్ని చూసిండు. వచ్చి కుర్చీల కూసున్నడు. చాయ్ తెచ్చేవరకే..." అంటూ చిన్నమ్మ నా మీద పడి ఏడ్చింది. గుమ్మం పక్కన ఆ రోజు తేదీ ఉంది. అంతా బాగున్నట్టు సంతకమూ ఉంది.

కాకను బయటికి తెస్తుంటే ఇరుకు గుమ్మంలో మనుషులు గోడకు ఒరుసుకుంటున్నారు. చిన్నమ్మ పరుగున వచ్చి ఆ తేదీకి తన వీపు కూడా తగలకుండా అడ్డంగా నిలబడింది.

"జర జరుగుండ్రి, చెరిగిపోతది."