గీత కింద ఇల్లు

మా పెద్దనాన్నను ఆఫీసులో అందరూ గీతలాయన అనేవారు. నది పొడవునా ఏది అడవి, ఏది పొలం, ఎక్కడ మనుషులుంటున్నారో పటం గీయడం ఆయన ఉద్యోగం. పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకుని, పెన్ను పాళీలు తుడుచుకుని, అప్పుడు బల్ల ముందు కూర్చునేవారు.

రక్షిత అడవికి హద్దు గీసిన రోజున పై అధికారి వచ్చి, "ఇంత సన్నగానా? నా కుర్చీలోంచి కనబడాలయ్యా" అన్నాడు. పెద్దనాన్న లావు పాళీ తీసి మళ్ళీ గీశారు. పటం మీద సంతకాలయ్యాయి, ముద్ర పడింది.

మూడు నెలలకు, వలలు బాగుచేసి బతికే ఒక ముసలమ్మ ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఏటి ఒడ్డున ఒంటి ఇల్లు. కప్పు కారుతోంది, రేకులు మార్చుకోవాలి. అడవి ఆఫీసు వాళ్ళు "నువ్వు గీత బయటున్నావు, ఊరి ఆఫీసుకు పో" అన్నారట. ఊరి ఆఫీసు వాళ్ళేమో "లోపలున్నావు, అడవి వాళ్ళనే అడుగు" అన్నారట. అనుమతి లేకుండా రేకు కదిపితే ఇల్లే తీయించేస్తామని మాత్రం ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

"ఎటువైపున్నానో కాస్త చూసి చెప్పు నాయనా. ఎటైనా నాకొకటే."

పెద్దనాన్న భూతద్దం పెట్టి చూశారు. ఇల్లు లోపలా లేదు, బయటా లేదు. గీత కిందుంది. కాగితం మీద అర మిల్లీమీటరు గీత, నేల మీద పాతిక మీటర్లు.

ఆ సంగతి చెబితే ముసలమ్మ నవ్వింది. "నా రాత దేవుడు రాశాడనుకున్నా. నువ్వా?"

ఆయన మళ్ళీ భూతద్దం అందుకోబోతే, బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు తనే ఆయన ముందుకు జరిపింది.

సన్న పాళీతో మళ్ళీ గీస్తానని పెద్దనాన్న అర్జీ పెట్టారు. ముద్ర పడిన పటం మార్చకూడదన్నారు పైవాళ్ళు. పోనీ, ఇల్లు బయటే ఉందని కాగితం రాసిస్తానన్నారు. గీసేవాడికి చెప్పే అధికారం లేదన్నారు.

"గీసింది మీరేగా, చెరపలేరా?" అంది పెద్దమ్మ.

"గీయమంటే గీసే చెయ్యే గానీ, చెరిపే చెయ్యి కాదే ఇది."

వానలు పట్టుకున్నాయి. ఆదివారం వెళ్ళి చూస్తే, తడవని మూలన ఊళ్ళోవాళ్ళ వలలు పెట్టి, ముసలమ్మ తడుస్తూ కూర్చుని ఉందట. ఆయన ఇంటికొచ్చి గిన్నెలు సంచిలో వేసుకోసాగారు.

"రేపు వంట మీ పటంలో చెయ్యనా?" అంటూనే, పెద్దమ్మ అటక మీంచి పెద్ద బేసిను దింపి ఇచ్చింది. కప్పు ముట్టుకోవడానికే అనుమతి కావాలి, కింద గిన్నె పెట్టడానికి అక్కర్లేదు.

ఆ సాయంత్రం కారేచోటల్లా గిన్నెలు పెట్టారు. మొదటిది నిండగానే ముసలమ్మ దాన్ని ఆయన చేతికిచ్చి, "ఎటు పోస్తావు నాయనా, అడవిలోనా, ఊళ్ళోనా?" అంది.

పెద్దనాన్న ఆ గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయారట.