మగ్గం గుంట

ఫౌజులో పదేళ్లు చేసి, పాకిస్తాన్ యుద్ధం ముగిశాక, ఎడమ చెవి వినపడక ఇంటికి వచ్చాను. సిరిసిల్లలో మాది నేతగాళ్ల వాడ. ఇంటి ముందు గదిలో బాపు మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని నేసే మగ్గం అది. నేను లేని పదేళ్లూ ఇంటిల్లిపాదీ దాని మీదే బతికారు.

వచ్చిన మూడో రోజే బాపు నన్ను పిలిచి, “కూసో కొడుకా. నా కండ్లు కనబడ్తలేవు. ఇగ నువ్వే నడుపాలె” అన్నాడు.

కూర్చున్నాను. కాళ్లు గుంటలోకి వదిలాను. కింది నుంచి పచ్చి మట్టి వాసన వచ్చింది. అంతే, ఊపిరి ఆడలేదు. పంజాబు సరిహద్దులో గుండు పడి మా కందకం గోడ కూలినప్పుడు ఛాతీ దాకా మట్టిలో కూరుకుపోయాను. నా పక్కవాడు మొత్తంగా పూడిపోయాడు. ముందు నన్ను బయటికి లాగారు. అతన్ని తీసేసరికి ప్రాణం లేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. లేచి నిలబడి, మోకాలు పట్టేసిందన్నాను.

మర్నాడు నడుము నొప్పన్నాను. తరవాత తలనొప్పి. సాకులన్నీ అయిపోయాక ఒకరోజు బాపు మళ్లీ అడిగితే ఒళ్లు మండింది. “దేశమంత తిరిగొచ్చినోన్ని, గీ గుంటల కూసోవాల్నా?” అని అరిచాను. ఆ మాట వాడంతా పాకింది. ఆ రోజు నుంచి నా పేరు కప్తాన్ సాబు. నేను ఉత్త సిపాయినని వాళ్లకు తెలుసు. అందుకే ఇంకా గట్టిగా పిలిచేవాళ్లు. పిలవనిచ్చాను. పొగరుబోతు అనిపించుకోవడం నాకు పెద్ద కష్టం కాలేదు, పిరికివాడు అనిపించుకోవడమే నా వల్ల కాదు.

ఇంట్లో నిలవలేకపోయేవాణ్ని. చాయ్ తాగి మానేరు ఒడ్డుకు పోయేవాణ్ని, అక్కడా నిలవలేక బస్టాండుకు వచ్చేవాణ్ని. కొన్ని రోజులు వేములవాడ దాకా నడిచి, రాజన్న గుడి గోపురం కనపడగానే వెనక్కి తిరిగేవాణ్ని. ఒకసారి కరీంనగర్ బస్సెక్కి, అక్కడ ఒక చాయ్ తాగి, అదే బస్సులో తిరిగొచ్చాను. కండక్టర్ నన్ను అనుమానంగా చూశాడు. నాకూ నా మీద అనుమానంగానే ఉండేది.

“ఎటు పోయినవ్?” అని నా భార్య అడిగేది.

“ఎటు లేదు.”

“మళ్ల ఫౌజుకే పోతవేమో. జర చెప్పి పో” అనేది.

మా వాడలో ఆడవాళ్లు నూలును కండెలకు చుడతారు, గంజి పెడతారు. గుంటలో దిగేది మాత్రం మగవాడే. మా ఇంట్లో తినడానికి గాసం కరువయ్యాక నా భార్యే కొంగు బిగించి మగ్గం మీద కూర్చుంది. మొదటి రోజు బాపు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండో రోజు అదే మంచం మీద నుంచి, పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు వింటూ, “పోగు తెగింది సూడు బిడ్డా” అని నేర్పడం మొదలుపెట్టాడు. గడప అవతల నిలబడి విని, సిగ్గుతో మళ్లీ రోడ్డెక్కాను.

అట్లా ఏడాది గడిచింది. ఒక మధ్యాహ్నం ఆమె నేసిన బట్ట ఇవ్వడానికి మాకు నూలిచ్చే ఆసామి ఇంటికి పోయింది. మా బిడ్డకు ఏడేళ్లు. వాడ పిల్లలతో దాగుడుమూతలాడుతూ గుంటలో దాక్కుంది. నేను తిరిగి తిరిగి ఇంట్లోకి రాగానే, నేలలో దుమ్ము పట్టిన తల ఒక్కటే కనపడింది. ఆ తరవాత నేనేం చేశానో నాకు సరిగ్గా తెలియదు. చెయ్యి పట్టుకుని ఎంత బలంగా లాగానంటే భుజం కీలు జారింది. పిల్ల కేకకు వాడంతా వచ్చింది. నా భార్య పరుగున వచ్చి, దాన్ని ఎత్తుకుని కట్టు కట్టేవాళ్ల ఇంటికి పోయింది.

నేను గంప తీసుకున్నాను. పెరట్లోంచి మట్టి తెచ్చి, సగం నేసిన చీర మగ్గం మీద ఉండగానే, కాళ్లతో తొక్కే కర్రలతో సహా గుంట పూడ్చేశాను. బాపు మంచం మీద నుంచి, “ఏం జేస్తున్నవ్‌రా?” అని అడుగుతూనే ఉన్నాడు.

ఆమె పిల్లను భుజాన వేసుకుని వచ్చి చూసింది.

“పోతె పో. మా నోట్ల మన్ను గొట్టి పోకు” అంది.

అప్పుడు చెప్పాను. కందకం, గుండు, పక్కవాడు, అన్నీ. ముందూ వెనకా లేకుండా, నిలబడే చెప్పాను.

ఆమె పిల్లను బాపు పక్కన పడుకోబెట్టింది. “గీ ముచ్చట ముందుగాల చెప్తే ఏం పోవు? మేమంటే నీకు రోత అనుకున్న. ఏడాది సంది గదే మనసుల వెట్టుకొని సస్తున్న” అంది. బాపు కళ్లు తుడుచుకున్నాడు.

తెల్లారి గట్టు మీద బోర్లా పడుకుని, గుంటలోకి దిగకుండా చేతులతోనే మట్టంతా తోడాను. తవ్వడం ఫౌజు బాగానే నేర్పింది. మూలలు తీర్చి, గోడలు చదును చేసి ఇచ్చాను. “గుంట మంచిగనే తీస్తవ్, కూసునుడే రాదు” అని ఆమె నవ్వింది. ఆ నవ్వు విని నాకు ఏడుపొచ్చింది. ఆమె గుంటలో దిగి నేయడం మొదలుపెట్టింది. ఏడాదిలో మొదటిసారి, రోడ్డెక్కాలనిపించలేదు.

చేతికి కట్టుతో మా బిడ్డ గుమ్మంలో నిలబడి ఉంది.

“బాపూ, నీకు గుంటంటే బుగులా?” అని నన్ను అడిగింది.

“అవ్ బిడ్డా, బుగులే” అన్నాను. భయమని ఒప్పుకున్న ఆ ఒక్క మాటకు ఒళ్లంతా తేలికైంది. దగ్గరికి రమ్మని చెయ్యి చాచాను.

అది రాలేదు. నా చెయ్యి వైపు చూసింది.

“నాకు నువ్వంటే బుగులైతది” అని చెప్పి, గోడ వెంబడి చుట్టూ తిరిగి నేస్తున్న వాళ్లమ్మ పక్కకు పోయింది.