డీజిలా, హైబ్రిడ్డా? అత్తగారితో ఒక ఆదివారం

రావులపాలెంలో నేను పాఠాలు చెప్పే కాలేజీకి రాజమండ్రి నుంచి రోజూ బస్సులో నిలబడి వెళ్ళి వెళ్ళి విసుగెత్తి, నలభై దాటిన చాలా ఏళ్ళకి డ్రైవింగ్ నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చింది, ఇక కారు కొనాలి. ఆ మాట ఇంట్లో అన్నానో లేదో, మా ఆయన డీజిలన్నారు, మా తమ్ముడు రాంబాబు హైబ్రిడ్ అన్నాడు.

హైబ్రిడ్ కారంటే అప్పటికి మా వీధిలో ఎవరికీ తెలియదు. పెట్రోలు ఇంజనుకి తోడు బ్యాటరీతో తిరిగే మోటారొకటి ఉంటుందనీ, బ్రేకు వేసినప్పుడల్లా ఆ బ్యాటరీ దానంతటదే ఛార్జి అవుతుందనీ రాంబాబు మా వంటింట్లో నిలబడి గరిటె తిప్పుతూ వివరించాడు. వాడి ఉద్యోగం విశాఖపట్నంలో. వాళ్ళ ఆఫీసరొకాయన బదిలీ మీద వెళ్తూ తన హైబ్రిడ్ కారు అమ్మేస్తున్నాడట. ఇటు మా ఆయన స్నేహితుడు తన డీజిలు కారు ఇచ్చేస్తానంటున్నాడు. ఇద్దరికీ సోమవారానికల్లా మాట చెప్పాలి.

"ఆదివారం రెండూ బయటికి తీద్దాం అక్కా. హైవే మీద అన్నవరం, వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద ఆత్రేయపురం. తేలిపోతుంది" అన్నాడు రాంబాబు.

ఆత్రేయపురం పేరు వినగానే మా అత్తగారు గదిలోంచి బయటికి వచ్చారు. అక్కడ ఆవిడ అక్క సీతమ్మగారు ఉంటారు. గోదావరికి ఆవలి ఒడ్డే అయినా అత్తగారు అక్కని చూసి ఏళ్ళయింది. మోకాళ్ళ వల్ల బస్సు ఎక్కలేరు. మా ఆయన ఎప్పుడన్నా స్నేహితుల కారు తెచ్చి ఎక్కిస్తే వాంతులు. అన్నవరమైనా, విశాఖపట్నమైనా ఆవిడకి రైలే. ఆత్రేయపురానికి రైలు లేదు.

"నేనూ వస్తానమ్మాయ్. వాంతి అయితే అయింది. అక్కకీ పెద్దతనం వచ్చేసింది, నాకూ వచ్చేసింది" అన్నారు.

రాంబాబు ముందురోజే ఆఫీసరు కారు తెచ్చి ఉంచాడు. ఆదివారం తెల్లారకముందే బయల్దేరాం. పెట్రోలు బంకులో రెండు కార్లకీ ట్యాంకు నిండా పోయించాం, సాయంత్రం ఏది ఎంత తాగిందో చూద్దామని. హైబ్రిడ్ సంగతి రాంబాబు గొప్పగా చెబుతుంటే బంకు కుర్రాడు పైపు పట్టుకుని ఆగిపోయాడు. "ఇప్పుడు పెట్రోలు పొయ్యనాండి, లేకపోతే ఎక్కడన్నా కరెంటు పెట్టాలాండి?" అని అడిగాడు. మా ఆయన నవ్విన నవ్వు దివాన్‌చెరువు దాకా ఆగలేదు.

అత్తగారు ఒళ్ళో నిమ్మకాయ, చేతిలో ప్లాస్టిక్ కవర్లతో రాంబాబు కారెక్కారు. నేను మా ఆయన డీజిలు కారులో కూర్చున్నాను. హైవే అప్పటికి నాలుగు వరసలైంది. రాజానగరం దాటాక ఆయన కారుని లారీల మధ్యలోంచి సూదిలో దారంలా లాగారు. "చూశావా పికప్! తొక్కితే చాలు" అన్నారు. ఇంజను మోతకి నాకు "తొక్కు" అన్నదొక్కటే వినపడింది. పచ్చడి సంగతేమిటని అడిగాను. 

జగ్గంపేటలో పెసరట్టు ఉప్మాకి ఆగాం. పావుగంట తర్వాత హైబ్రిడ్ వచ్చింది. తలుపు తీస్తే అత్తగారు హాయిగా నిద్రపోతున్నారు. కవర్లు మడత విప్పలేదు.

"చూశారా బావగారూ! కుదుపు లేదు, వాసన లేదు. అత్తయ్యగారికి కారులో ఉన్నట్టే లేదు" అని రాంబాబు పెసరట్టు తుంచాడు.

"అది సరేలే. హైవే మీద నీ బ్యాటరీ ఏం పనిచేసింది?"

రాంబాబు అల్లప్పచ్చడి మీద దృష్టి పెట్టాడు. తర్వాత ఒప్పుకున్నాడు. ఆగుతూ సాగుతూ వెళ్ళే ఊళ్ళలోనే బ్యాటరీకి పని. ఒకే వేగంతో పోయే హైవే మీద బరువంతా పెట్రోలు ఇంజనే మోస్తుంది.

గెలుపు రుచి చూసిన మా ఆయన, అన్నవరం కొండ మీదికి వాళ్ళమ్మని తన కారులోనే ఎక్కిస్తానని పట్టుబట్టారు. నేను హైబ్రిడ్‌లోకి మారాను. రత్నగిరి ఎక్కేటప్పుడు డీజిలు బండిది నిజంగా అందమైన నడక. మా హైబ్రిడ్ మాత్రం గొంతు చించుకుని అరిచింది. కానీ పైకి చేరేసరికి అత్తగారు కారు పక్కన వంగి ఉన్నారు. కవర్లు అయిపోయాయి. మా ఆయన నీళ్ళ సీసా పట్టుకుని తెల్లబోయి నిలబడ్డారు.

"డీజిలు వాసనమ్మా నాకు పడనిది" అన్నారు అత్తగారు, నీరసంగా.

వ్రతం అయ్యేసరికి ఆవిడ తేరుకున్నారు. ఆకుపొట్లంలోని ప్రసాదం తింటూ మెట్ల మీద కూర్చుని ఉంటే, ఇద్దరు మగవాళ్ళూ పార్కింగ్‌లో మళ్ళీ మొదలెట్టారు. ఒకరు టార్క్ అంటారు, ఒకరు మైలేజీ అంటారు. నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది. పొద్దుటి నుంచి నా కారు గురించి ఇంత గొడవ జరుగుతోంది. స్టీరింగు మాత్రం ఒక్కరూ నా చేతికివ్వలేదు.

"రేప్పొద్దుట నుంచి నడిపేది ఎవరు?" అన్నాను.

నేను చెయ్యి చాపాను.

"రాంబాబూ, తాళం ఇలా ఇవ్వు. మీరిద్దరూ డీజిలు కారులో రండి. దారంతా పోట్లాడుకోవచ్చు."

"నీకు హైవే అలవాటు లేదు కదా..." అన్నారు మా ఆయన.

"ఎలా అలవాటవుతుందండీ, పక్క సీట్లో కూర్చుంటే?"

అత్తగారు లేచి వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నారు.

కొండ దిగుతుంటే, బ్రేకు మీద కాలు పెట్టినప్పుడల్లా డయల్లో ఆకుపచ్చ గీతలు వెలిగాయి. బ్యాటరీ ఛార్జి అవుతోందని చెబితే అత్తగారు ఆశ్చర్యపోయారు. "దిగినందుకు తిరిగి ఇస్తోందా? మంచి బుద్ధే!" అన్నారు.

హైవే ఎక్కాక మాత్రం నా గుండె నా మాట వినలేదు. పక్కనుంచి లారీ దాటినప్పుడల్లా కారు ఊగినట్టయ్యేది. స్టీరింగుని రెండు చేతులతో గట్టిగా పట్టేసుకున్నాను. "మెల్లిగానే వెళ్ళమ్మాయ్, అక్క ఎక్కడికీ పోదు" అన్నారు అత్తగారు. కత్తిపూడి దాటాక భుజాలు కాస్త వదులయ్యాయి. జగ్గంపేట దాటాక మొదటిసారి ఒక లారీని దాటాను. దాటి, పెద్దగా అరిచాను. అత్తగారు చప్పట్లు కొట్టారు.

ఒంటిగంట దాటాక ధవళేశ్వరం బ్యారేజీ మీదికి వచ్చాం. నడిమధ్యలో వరిగడ్డి లారీ ఒకటి అడ్డంగా ఇరుక్కుని అందరూ ఆగిపోయారు. నేనూ బ్రేకు వేశాను. అంతే, ఇంజను టక్కున ఆగిపోయింది. చప్పుడు లేదు, కదలిక లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. నా చెయ్యి తగిలి ఏదో పాడైందనుకున్నాను.

చేపల బుట్టతో నడిచి వెళ్తున్న ఒకావిడ కిటికీలోంచి తొంగి చూసింది. "ఏంటమ్మా, బండి ఆగిపోయిందా? బాబూ, ఓ నలుగురు రండి, నెడదాం!"

నలుగురేం ఖర్మ, ఎనిమిదిమంది వచ్చి వెనక చేతులు వేశారు. అప్పుడు గుర్తొచ్చింది, ఆగినప్పుడు ఇంజను ఆపేసుకోవడం ఈ కారు అలవాటని రాంబాబు చెప్పిన మాట. ముందు లారీ కదిలింది. నేను బ్రేకు వదిలాను. కారు తనంతట తానే లేచి ముందుకు పోయింది. వెనక ఎనిమిదిమందీ తామే స్టార్ట్ చేశామని సంతోషంగా చెయ్యి ఊపారు. వాళ్ళ సంతోషం ఎందుకు పాడుచెయ్యాలని నేనూ ఊపాను.

బొబ్బర్లంక నుంచి కాలవ గట్టు రోడ్డు. ఆ గతుకుల్లో హైబ్రిడ్ అసలు గుట్టు బయటపడింది. కారు నేలకి మరీ దగ్గర. ప్రతి స్పీడ్ బ్రేకరు మీదా దాని పొట్ట గర్రుమని గీసుకుంది. "కిందేదో ఊడింది" అని అత్తగారు నాలుగుసార్లు చెప్పారు. వెనకే వస్తున్న డీజిలు కారు అవే గతుకుల మీద గేదెలా నిదానంగా, నిశ్చింతగా నడిచింది.

సీతమ్మగారు వీధి గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు.  అక్కాచెల్లెళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. సీతమ్మగారు, "చిక్కిపోయావేంటే?" అన్నారు. "నువ్వేమన్నా లావయ్యావా?" అన్నారు మా అత్తగారు. అక్కడి నుంచి ఇద్దరూ ఇక ఆగలేదు. మాకు భోజనాలు వాళ్ళ కోడలే వడ్డించింది.

తిరుగు ప్రయాణానికి డీజిలు తాళం నేను తీసుకున్నాను. అదీ నడిపి చూడాలి కదా. "అమ్మా, నువ్వు హైబ్రిడ్ ఎక్కు" అన్నారు మా ఆయన. "కోడలితోనే వస్తాను. ఏదైతే అదవుతుంది" అని అత్తగారు మళ్ళీ నా పక్కనే కూర్చున్నారు.

ఎత్తైన సీటు. గట్టు, కాలవ, ఎదురొచ్చే ట్రాక్టరు అన్నీ ముందే కనిపించాయి. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ కాలు లాగింది, మోత చెవుల్లో మోగింది. అయినా గతుకుల్లో నాకు భయం వెయ్యలేదు. అత్తగారి వైపు భయంభయంగా చూశాను. ఆవిడ పొట్లం విప్పి, అక్క ఇచ్చిన పూతరేకు కొరుకుతున్నారు. ఒళ్ళంతా పంచదార పొడి.

"వాంతి రావట్లేదా అత్తయ్యగారూ?"

ఆవిడ నమలడం ఆపి ఆలోచించారు. "రావట్లేదమ్మాయ్. ఇదీ డీజిలే కదా?" మళ్ళీ ఒక ముక్క కొరికి, "పొద్దున కొండెక్కిన కారు ఇదేగా?" అన్నారు. తర్వాత మెల్లిగా వెనక్కి తిరిగి, హైబ్రిడ్‌లో వస్తున్న కొడుకుని వెనకద్దంలోంచి చూశారు. "ఓరి వీడి దుంప తెగ! ఇన్నేళ్ళూ నేను కారెక్కినప్పుడల్లా నడిపింది వీడేగా. ఎక్కడపడితే అక్కడ తొక్కడం, ఎక్కడపడితే అక్కడ బ్రేకు. డీజిలూ కాదు, వాసనా కాదు. వీడే!"

నేను కారు పక్కకి ఆపి నవ్వాల్సి వచ్చింది.

సాయంత్రం బంకులో చూస్తే రెండూ ఇంచుమించు సమానంగానే తాగాయి. ఈ దారిలో కారు కొనాలనుకునేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. రాజమండ్రి ట్రాఫిక్‌లోనే తిరిగేవారికి హైబ్రిడ్‌ని మించినది లేదు. హైవే, గట్టు రోడ్డు, హైబ్రిడ్ తెలియని ఊరి మెకానిక్కు, ఈ మూడింటితో పనుంటే డీజిలే నయం. నేను డీజిలు తీసుకున్నాను. రాంబాబు రెండు రోజులు అలిగాడు.

ఆ ఆదివారం బ్యారేజీ దాటేసరికి గోదావరి మీద పొద్దు వాలుతోంది. అత్తగారు చీర మీది పంచదార దులుపుకుంటూ అన్నారు: "వచ్చే ఆదివారం కోరుకొండ వెళ్దామా అమ్మాయ్? వాణ్ణి కూడా తీసుకెళ్దాంలే. వెనక సీట్లో."