మోచెయ్యి ఒక్కటే కనబడే ఫోటో

జూబ్లీ హిల్స్ గోడల మీద ఉన్న దేవుళ్లలో సగం మంది మా నానమ్మ కౌసల్య దయవల్ల నిలబడ్డవాళ్లే. ఆమె ఫ్రేముకు నాలుగు మేకులు కొట్టేదాకా తిరుపతి వెంకన్నకైనా గోడ ఎక్కే దారి లేదు. ఫిల్మ్‌నగర్‌లో హీరోలను నిలబెట్టేది డైరెక్టర్లని జనం అనుకుంటారు. అబద్ధం. వాళ్లను అద్దం వెనక నిటారుగా నిలబెట్టి, చెదలు పట్టకుండా కాపాడేది మా నానమ్మ.

ఇక్కడిదాకా కొంచెం ఎక్కువే చెప్పాను. ఆమె పగ గురించి మాత్రం ఒక్క ముక్క కూడా పెంచి చెప్పడం లేదు.

మా తాత లక్ష్మయ్య సినిమా సెట్లు కట్టే వడ్రంగి. 1988లో సుబ్బరామయ్య అనే నిర్మాత సినిమా ముహూర్తానికి సింహాసనం చేసింది ఆయనే. ఆ రోజు తీసిన గుంపు ఫోటోలో సింహాసనం మీద హీరో, పక్కన నిర్మాత భార్య శారదాదేవి, ఆమె పక్కన సుబ్బరామయ్య, ఆ చివరన మా తాత. మరుసటి ఏడు తాత కామెర్లతో పోయాడు. పెళ్లిలోనే కాదు, ఆ తర్వాత కూడా ఆయన ఫోటో తీయించుకోలేదు. ఆయన మొహం మిగిలింది ఆ ఒక్క ఫోటోలోనే.

దానికోసం నానమ్మ షేక్‌పేట నుంచి జూబ్లీ హిల్స్ దాకా నడిచి వెళ్లింది. ఫోటో నిర్మాత గారి హాల్లో, కిటికీకి ఎదురుగా వేలాడుతోంది. అందులో అందరూ ఉన్నారు, తాత తప్ప. ఫోటో చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్టను మౌంటు అంటారు. నిర్మాత పక్కన పనివాడు బాగుండడని ఆ అట్టను లోపలికి జరిపించి తాతను కప్పేశారు. ఆయన మోచెయ్యి ఒక్కటి బయటికి కనబడుతోంది.

“ఒక్కపాలి ఇప్పుండ్రి సారూ. స్టూడియోల కాపీ తీపిచ్చి మల్ల తెచ్చిస్తా,” అంది నానమ్మ.

“మోచెయ్యి కోసం ఫ్రేము ఊడదియ్యాలా ఏంటమ్మా?” అని సుబ్బరామయ్య నవ్వాడు. “చూద్దాంలే, తర్వాత రా.”

ఆ తర్వాత అన్నది పదకొండేళ్లయినా రాలేదు. పెత్రమాసనాడు వాడలో అందరూ పోయినవాళ్ల ఫోటోలకు దండలు వేస్తే, మేము తాత చెక్క నునుపు చేసే రందకు బొట్టు పెట్టేవాళ్లం. మా తాత చెక్కమనిషని నేను చాలాకాలం నమ్మాను.

నిర్మాత ఇంటి నుంచి వచ్చిన వారంలోనే నానమ్మ ఇంట్లో ఫ్రేములు కట్టడం మొదలుపెట్టింది. “గా ఫ్రేము ఎన్నడన్న పలగాలె. పలిగిననాడు నా చేతికే రావాలె,” అనేది. కూలగొట్టిన బంగళాల కిటికీ చెక్కలు తెచ్చి చీల్చేది. పగిలిన అద్దాల్లో పనికొచ్చే ముక్క కోసుకునేది. చీరల డబ్బాలే మౌంటు అట్టలు. మైదా జిగురులో కాస్త మైలుతుత్తం కలిపితే పురుగు ముట్టదు. మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీలు వచ్చాక పాత బంగళాలు ఇంకా జోరుగా కూలాయి. నానమ్మ చెక్కల కుప్ప మా వంటింటిని మింగేసింది.

రెండువేల సంవత్సరంలో రోజులు తిరగబడ్డాయి. సుబ్బరామయ్య సినిమాలు లేక బంజారా హిల్స్‌లో ఫ్లాటుకు మారాడు. కొడుకు రవిచంద్ర ఆ పాత ఇంట్లో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. నాన్నగారి ఫోటోల ఫ్రేములకు చెదలు పట్టాయి, తక్కువలో మార్చేవాళ్లు కావాలన్నాడు. నానమ్మ అందరికంటే తక్కువకు ఒప్పుకుంది. పన్నెండు ఫోటోలు కారులో మా ఇంటికొచ్చాయి.

నానమ్మ ఆ ఒక్కదాన్ని ఒళ్లో పెట్టుకుని మేకులు తీసింది. మౌంటు లేపింది. కిటికీ ఎండకు హీరో పసుపుపచ్చగా పాలిపోయాడు. సుబ్బరామయ్య మొహమేదో చొక్కా ఏదో తెలియడం లేదు. శారదాదేవి నవ్వు లీలగా ఆనుతోంది. అట్ట కింద ఎండ తగలని తాత మాత్రం నిన్న తీసినట్టున్నాడు. ఎర్ర తువ్వాలు, మీసం మీద రంపపు పొట్టుతో సహా. నానమ్మ ఎవరో కొత్తమనిషిని చూసినట్టు ఆయన్ను చాలాసేపు చూసింది.

మర్నాడు స్టూడియోలో కాపీ తీయించింది.

“ఇగ అయిపోయింది గదనే,” అన్నాను.

“ఏడ అయిపోయింది? బ్లేడు తే.”

అసలు ఫోటోకు కొత్త మౌంటు కోసింది. ఈసారి కిటికీలో తాత నిండుగా నిలబడ్డాడు. ఆయన పక్కన, అట్ట అంచులో, సుబ్బరామయ్య మోచెయ్యి ఒక్కటి మిగిలింది.

రవిచంద్ర ఫోటోలు లెక్కపెట్టుకున్నాడు, చూసుకోలేదు. దసరాకు ఆఫీసులో ఆయుధపూజ. అక్కడి ఉద్యోగుల్లో ఒక్కరికీ పాత సినిమావాళ్లు తెలియదు. ఫ్రేములో ఒక్కడే ఉన్నాడు, పెద్దమీసం ఉంది కాబట్టి కంపెనీ మూలపురుషుడనుకున్నారు. దండ వేసి, ఊదొత్తులు వెలిగించి, కంప్యూటర్లకు పెట్టిన కుంకుమే ఆయనకూ పెట్టి వరసగా దండం పెడుతున్నారు. సరిగ్గా అప్పుడే సుబ్బరామయ్య లోపలికొచ్చాడు.

“మీ తాతగారి పోలికే సార్ మీది,” అందట ఒక అమ్మాయి రవిచంద్రతో.

మర్నాడు పెద్దాయనే ఫ్రేము పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. తలుపు తక్కువ ఎత్తు, తల వంచక తప్పలేదు.

“ఏంటి కౌసల్యా ఈ పని? నేనెక్కడ ఇందులో?”

“మోచెయ్యి ఉన్నది గద సారూ, మంచిగ చూడుండ్రి.”

ఆయనకు కోపం వచ్చి, అంతలోనే దిగిపోయింది. “నన్ను తీసేస్తే తీసేశావ్. శారద పోయి మూడేళ్లయిందమ్మా. ఇంట్లో ఉన్న ఫోటోలన్నిట్లో బిగుసుకునే ఉంటుంది. అది నవ్విన ఫోటో ఇదొక్కటే. వేరే షాపువాడు, నీ జిగురు విప్పితే ఫోటో చిరుగుతుందన్నాడు. అట్ట కొంచెం జరపమ్మా.”

“చేతిల పనున్నది. పెట్టిపోండ్రి. చూద్దాం, తర్వాత రాండ్రి.”

ఆయన ఇంకో రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ అదే మాట. ఫ్రేము మా గోడకే ఉంది. మూడోసారి ఆయన మెట్లు దిగుతుంటే కాలు తడబడింది. నాకే మనసొప్పలేదు.

“నానమ్మా, ఇచ్చెయ్‌రాదే. పాపం, ముసలాయన.”

ఆమె చెక్క మీద నుంచి తల ఎత్తలేదు.

“గాయనకు పెండ్లాం నవ్వు గూడ యాదికున్నది. నాకు మీ తాత మొఖమే యాదికి లేకుండె. తిరగనీ.”