గోడ బట్టీకి దమ్

మా ఆయనకు దమ్ము రోగం ఉందని పెళ్లయిన నాలుగేళ్లకు గానీ తెలియలేదు. హైదరాబాదులో ఒక బేకరీలో రొట్టెలు కాల్చే పని ఆయనది. పొద్దున లేస్తే మైదా పిండి, పొగ. దగ్గు మొదలైతే పడిశం అనుకున్నాం. తర్వాత పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవడం మొదలైంది. పెద్ద దవాఖానలో డాక్టరు పరీక్ష చేసి, ఇంకా పొగ దగ్గర నిలబడితే మనిషి దక్కడని నాతోనే చెప్పాడు. ఆయనకు చెప్పడానికి డాక్టరుకు కూడా మనసు రాలేదేమో.

అట్లా జహీరాబాద్ వచ్చాం. పందొమ్మిది వందల అరవైలు మొదలైన కొత్త అది. మా మామ కట్టించిన రెండు గదుల ఇల్లు, వెనుక కొంచెం పెరడు. అప్పటికి అత్తమామలు లేరు, మాకు పిల్లలు లేరు. నేను చర్చి బడిలో చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పేదాన్ని. మా ఇద్దరికీ అది చాలు. కానీ ఆయనకు చాలలేదు. చేతినిండా పని చేసిన మనిషిని నులకమంచం మీద కూర్చోబెడితే వారం రోజులు బాగుంటుంది. ఆ తర్వాత చూడాలి ఆ ముఖం! పొద్దున నేను బడికి పోయేటప్పుడు ఏ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడో, సాయంత్రం వచ్చేసరికి అదే గోడ వైపు చూస్తూ ఉండేవాడు.

"నన్ను గిట్ల కూసవెట్టకు. రొట్టె కాల్చకుంట నేను బతుకలేను" అన్నాడు ఒక రోజు. నేను తిట్టాను. పొయ్యి దగ్గర చావాలని ఉంటే హైదరాబాదులోనే చావకపోయావా అన్నాను. నా నోరు మొదటి నుంచీ అంతే. తిట్టాను గానీ ఆయన అన్నది నిజమని నాకు తెలుసు.

అప్పుడు ఏ బట్టీ కట్టాలన్న మాట వచ్చింది. నేలలో తవ్వే తందూరు తేలిక, కానీ దాని మీదికి వంగి నిలబడాలి, పొగ నేరుగా ముఖానికి కొడుతుంది. నూనె పీపాను అడ్డంగా పడుకోబెట్టి మట్టి మెత్తి చేసేది ఇంకొకటి ఉంది. అది రెండు వానలకు తుప్పు పడుతుందని ఆయనే వద్దన్నాడు. మూడోది గోడ బట్టీ. వెనుక గది గోడను కోసి, బట్టీ పొట్టను పెరట్లోకి ఉబ్బేటట్టు కట్టి, పైన పొగగొట్టం, కింద రెండు నోళ్లు పెట్టాలి. ఒక నోరు పెరటి వైపు, నేను అక్కడ మంట పెడతాను. రెండో నోరు గది వైపు, ఆయన అక్కడి నుంచి రొట్టెలు పెట్టి తీస్తాడు. మధ్యలో గోడ. పొగ నాది, రొట్టె ఆయనది. ఈ ఆలోచన నాది. అందరూ ఆయనదనే అనుకున్నారు, నేనూ కాదనలేదు. కానీ ఆ గోడ మధ్యలో ఉండాలన్నది నేనే.

బేకరీ బట్టీ కట్టే మేస్త్రి ఆ దిక్కున ఎక్కడా లేడు. న్యాల్‌కల్ వైపు చెరుకు తోటల్లో బెల్లం వండే బట్టీలు కట్టే ముసలి మేస్త్రి ఒకాయన దొరికాడు. సగం తెలుగు, సగం కన్నడం. మనిషి నిదానం, చేయి మంచిది. మొరం రాయి గోడను చుట్టూ పెళ్లలు రాలకుండా కోసిన తీరు చూసి మా ఆయన మెచ్చుకున్నాడు. ఎర్రమట్టిలో చెరుకు పిప్పి, బెల్లం నీళ్లు కలిపి మూడు రోజులు నానబెట్టి తొక్కాడు. గది వైపు నోటికి ఇనుప తలుపు కావాలంటే, చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డు పక్కన పడి ఉన్న పాత లారీ రేకును కమ్మరి దగ్గర కోయించి తెచ్చాం.

"దమ్ మంచిగుండాలె మేస్త్రీ. బట్టీకి దమ్మే ప్రాణం" అని మా ఆయన రోజూ చెప్పేవాడు.

"హౌదు, హౌదు. గది నాకు చెప్తవా తమ్మీ? నా బట్టీ దమ్ము ఎట్లుంటదో నువ్వే సూస్తవు" అనేవాడు మేస్త్రి.

కట్టడం అయింది. ఒక్కసారిగా మంట పెడితే పగుళ్లిస్తుందని ఎనిమిది రోజులు కంది కట్టెతో సన్నని మంట పెట్టి ఆరబెట్టాం. ఆరో రోజు బట్టీ పైకప్పులో వెంట్రుక మందం పగులు కనిపిస్తే మెత్తని మట్టిలో ఉప్పు కలిపి పూశాం. తొమ్మిదో రోజు తుమ్మ కట్టెలు వేసి నిండు మంట పెట్టాను. మంట అడుగంటాక నిప్పులు బయటికి లాగి, పెరటి నోరు మూశాను. లోపల ఆయన రొట్టెలు పెట్టాడు. తీసేసరికి అడుగు మాడి ఉంది, పైన పాలిపోయిన తెలుపు. విరిస్తే లోపల పచ్చి పిండి.

ఆయన చిటికెడు పిండి తీసి బట్టీ అడుగు మీద చల్లి లెక్కపెట్టాడు. సరైన వేడి ఉంటే ఇరవై లెక్కపెట్టేలోపు పిండి ఎర్రబడాలి. అరవై దాకా లెక్కపెట్టినా పిండి పిండిలాగే ఉంది. నిప్పులు లాగిన కాసేపటికే వేడి అంతా ఎటో పోయింది. మరునాడు కట్టెలు రెండింతలు వేశాం, అదే కథ. తలుపు సందుల్లోంచి పోతుందేమోనని తలుపు చుట్టూ తడి పిండి మెత్తాం. అయినా అంతే. నాలుగు రోజులు పచ్చి రొట్టెలు గొడ్లకు పెట్టాం. ఐదో రోజు ఆయన మళ్లీ నులకమంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు భయం వేసి నేనే మేస్త్రిని పిలిపించాను.

"దమ్ లేదేంది మేస్త్రీ దీనికి?" అన్నాడు మా ఆయన.

మేస్త్రికి కోపం వచ్చింది. "లేదా? ఎండుటాకు ఏస్తే పైకి గుంజుకపోతున్నది! గింత దమ్మున్న బట్టీ మా దిక్కు ఒక్కటి సూపెట్టు."

"గుంజుడు గాదయ్యా, మూసుడు! దమ్ అంటే అంత మూసి, లోపలి వేడిని లోపల్నే ఉంచుడు. బిర్యానీకి దమ్ ఇస్తరు సూడు, గట్ల."

బెల్లం బట్టీ కట్టేవాళ్లకు దమ్ము అంటే గాలిని గుంజే బలం. మంటను పెనం కింది నుంచి లాగి పొగగొట్టంలోంచి పైకి తోయాలి. ఎంత లాగితే అంత మంచి బట్టీ. అందుకని పాపం మా ఆయన 'దమ్ దమ్' అన్న ప్రతిసారీ మేస్త్రి పొగగొట్టం ఇంకో రెండు వరుసలు లేపాడు. మా ఇంటి వేడి అంతా అందులోంచే ఆకాశానికి పోయింది.

"మూస్తె దమ్ము ఆగిపోతది గద తమ్మీ" అన్నాడు మేస్త్రి అమాయకంగా.

నాకు నవ్వు ఆగలేదు. "మీ ఇద్దరి దమ్ములు ఎట్లన్న ఉండని. ఈయన రొమ్ముల ఉన్న దమ్ము లేవకుంట సూడున్రి, గంతే చాలు" అన్నాను. ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో మేం అంతగా నవ్వింది అదే చివరిసారేమో.

మేస్త్రి పొగగొట్టాన్ని సగానికి దించి, దాని నోటి మీద జరిగే పలక బండ ఒకటి అమర్చాడు. పెరట్లో నిలబడి ఇనుప కడ్డీతో లాగితే బండ మూసుకుంటుంది, తోస్తే తెరుచుకుంటుంది. అప్పటి నుంచి మా పని ఒక పద్ధతిలో పడింది. నేను నిప్పులు లాగేసి, పెరటి నోరు మూసి, కడ్డీ పక్కన నిలబడతాను. ఆయన లోపల రొట్టెలన్నీ పెట్టి, తలుపు మూసి, సందులకు పిండి మెత్తి, గోడ అవతలి నుంచి "దమ్!" అని ఒక కేక పెడతాడు. నేను బండ లాగుతాను.

ఏడాదిన్నర బాగా నడిచింది. బడికి సెలవున్న రోజుల్లో పగలు, మిగతా రోజుల్లో నేను బడి నుంచి వచ్చాక కాల్చేవాళ్లం. దవాఖానలో రోగులకు మా రొట్టె పోయేది. రోడ్డు మీది చాయ్ హోటళ్లకు పోయేది. ఆయన ఒళ్లు కాస్త నిండింది. ఊపిరాడక లేచి కూర్చునే రోజులు తగ్గాయి. బట్టీ విషయంలో మాత్రం ఆయన మాటకు ఎదురు లేదు. ఒకసారి బండ లాగడం కొంచెం ఆలస్యమైతే వేడి పోయిందని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత నేను ఆలస్యం చేయలేదు. కేక వినబడితే చాలు, చేయి దానంతట అదే కడ్డీని లాగేది.

ఆ ఏడు వానలు విడవకుండా పడ్డాయి. కట్టెలన్నీ తడిసిపోయాయి. ఆ మధ్యాహ్నం మంట సరిగా అంటుకోలేదు. ఎట్లాగో కాల్చి నిప్పులు లాగాను గానీ, లోపలి మూలలో సగం కాలిన మొద్దు ఒకటి నా పారకు అందలేదు. పొగ వస్తూనే ఉంది. ఒక్క మొద్దే కదా అని పెరటి నోరు మూసేశాను. పారను గోడకు ఆనించానో లేదో, లోపలి నుంచి వినబడింది.

"దమ్..."

ఇంత తొందరగానా అనిపించింది. రొట్టెలన్నీ పెట్టడానికి ఆ సమయం చాలదు. మళ్లీ వినబడింది. "దమ్... దమ్ము..." ఎప్పుడూ ఒకసారే పిలిచే మనిషి రెండోసారి పిలిచేసరికి, ఆలస్యం చేశానని కోపంతో తొందరపెడుతున్నాడు అనుకున్నాను. కడ్డీ పట్టుకుని బండ లాగేశాను. తర్వాత తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాను. తీరిగ్గా కడుక్కున్నాను. ఎన్నో మరిచిపోయాను గానీ చేతులు కడుక్కున్న ఆ కాసేపు మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

లోపలికి వచ్చేసరికి గదంతా పొగ. బట్టీ తలుపు తెరిచే ఉంది. ఆయన దాని కింద నేల మీద పడి ఉన్నాడు, రొట్టెలు పెట్టే పొడుగు చెక్క కాళ్ల మీద అడ్డంగా ఉంది. దమ్ము లేచి, నన్ను పిలిచాడు. నేను పొగ పైకి పోయే దారి మూసి, ఉన్నదంతా ఆయన మీదికి తోశాను.

ఈడ్చుకుంటూ ముందు గదిలోకి తెచ్చాను. నా అరుపులకు పక్కింటివాళ్లు వచ్చి ఎద్దుల బండి కట్టారు. వాళ్లు ఆయన్ను బండిలో పడుకోబెడుతున్నప్పుడు నేను పెరట్లోకి పరుగెత్తి పలక బండను వెనక్కి తోశాను. ఎందుకు పోయానో నాకే తెలియదని చెప్పుకోవచ్చు. తెలుసు. ఎవరూ చూడకూడదని పోయాను.

ఆయన బతికాడు. దవాఖానలో ఆరు రోజులు ఉంచారు. మూడో రోజు మాట వచ్చింది. మొదట అడిగింది అదే.

"నేను పిలిచిన. వినవడలేదా?"

వినబడిందంటే, మరి ఏం చేశావని అడుగుతాడు. "లేదయ్యా. వానల ఏం వినవడలేదు" అన్నాను.

"రెండుసార్లు పిలిచిన."

"వినవడలేదు."

"అయితె నా గొంతు గోడ గూడ దాటుత లేదన్నట్టు" అన్నాడు. అందులో నా మీద కోపం లేదు. తన మీద తనకు ఉన్న లెక్క ఏదో ఆ మాటతో తేలిపోయినట్టు అన్నాడు.

ఇంటికి వచ్చాక ఆయన ఆ గదిలోకి పోలేదు. నేను బతిమాలాను, తిట్టాను, కట్టెలు ఎండాయని చెప్పాను, పండగ ముందు రొట్టెలు అడుగుతున్నారని చెప్పాను. "పిలిస్తె గోడవతలికి వినవడని మనిషి బట్టీ కాడ ఏం జేస్తడు?" అనేవాడు. అంతే. మళ్లీ నులకమంచం, మళ్లీ అదే గోడ. నేను ఒక్క నిజం చెబితే ఆ మనిషి లేచి పోయి పిండి కలిపేవాడు. ఆ సంగతి రోజూ పొద్దున లేవగానే నాకు గుర్తొచ్చేది. రోజూ రేపు చెబుతాననుకునేదాన్ని. నన్ను అసహ్యించుకుంటాడని భయం. ఇప్పుడు ఆలోచిస్తే, అసహ్యించుకోవడానికైనా లేచి నిలబడేవాడు కదా అనిపిస్తుంది.

చలికాలం వచ్చేసరికి ఆయన నీళ్లు కావాలన్నా చేత్తో సైగ చేసేవాడు. నేను పక్కనే ఉన్నా పిలిచేవాడు కాదు. ఒక రోజు ఆ సైగ చూసి తట్టుకోలేకపోయాను. మంచం పక్కన కూర్చుని ఆయన చేయి పట్టుకున్నాను.

"ఆ దినం నాకు వినవడ్డదయ్యా. నువ్వు రెండుసార్లు పిలిచినవు. రెండుసార్లూ మంచిగ వినవడ్డది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను ఏడుస్తున్నాను. ఆయన కళ్లలో ముందు ఒక వెలుగు లాంటిది వచ్చింది, తర్వాత అది మెల్లగా పోయింది. నా తల మీద చేయి వేసి నిమిరాడు.

"వినవడితె నువ్వు ఉరికి రాకుంట ఉంటవా పిచ్చిదానా" అన్నాడు. "ఊకె నా మనసు కోసం చెప్తున్నవు. తియ్యి."

నమ్మించాలంటే, వినబడ్డాక నేనేం చేశానో చెప్పాలి. నోరు తెరిచాను. ఆయన చేయి ఇంకా నా తల మీదే ఉంది. నీళ్లు కావాలా అని అడిగాను.